కాలికీ కావాలి వేట విరామం

విరిగిన ఎముక అతకడానికి నెలలు పడుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ నెలలన్నీ నెల్లూరు తీరంలోని మనిషి ఒంటరిగా గడపాల్సిందేనా?

ఏప్రిల్ 15 వచ్చిందంటే నెల్లూరు తీరం పొడవునా ఇంజన్ పడవలు ఒడ్డెక్కుతాయి. రామాయపట్నం, జువ్వలదిన్నె, తుమ్మలపెంట, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం... ఏ రేవు చూసినా ఇసుక మీద వరసగా పడవలు, నీడన వలలు, వలల చుట్టూ మగవాళ్లు. జూన్ 14 దాకా, 61 రోజులు, వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక సముద్రాన్ని కొన్నాళ్లు దాని మానాన వదిలేయాలన్నది దీని వెనకున్న ఆలోచన. వేట ఆగినా పొయ్యి ఆగదు కాబట్టి ఆ రెండు నెలలకూ ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019లో అది కుటుంబానికి 10,000 రూపాయలు. 2025లో 20,000 అయింది.

అదే ఊళ్లో, వేట మళ్లీ మొదలయ్యాక, జూలైలోనో ఆగస్టులోనో ఒకతని కాలు విరిగిందనుకుందాం. ఒడ్డుకు వచ్చే వేళ అల కొట్టి పడవ అడ్డం తిరిగితే, పడవ అంచుకూ ఇసుకకూ మధ్య కాలు ఇరుక్కుంటుంది. రొయ్యల గుంట గట్టు మీద రాత్రిపూట మేత వేస్తూ జారిపడతాడు ఇంకొకతను. తెల్లవారుజామున చేపల ట్రేలు కట్టుకుని మోపెడ్ మీద నెల్లూరు పోతుంటే లారీ రాసుకుంటూ పోతుంది. ఎట్లా విరిగినా తర్వాత జరిగేది ఒకటే. 108 వస్తుంది. ఆసుపత్రిలో చేరుస్తారు. ఆపరేషన్ అవుతుంది. కొద్దిరోజుల్లో ఇంటికి పంపేస్తారు. అక్కడితో ఊరికీ, ఆసుపత్రికీ, సర్కారుకూ ఆ కథ ముగిసినట్టే. అతనికి మాత్రం అప్పుడే మొదలవుతుంది.

ఇంకా చీకటుండగానే ఇంజన్ల చప్పుడు ఒక్కొక్కటిగా దూరమవుతుంది. పొద్దెక్కేసరికి ఆడవాళ్లు గంపలెత్తుకుని రేవుకు పోతారు, పిల్లలు బడికి పోతారు. వీధిలో మిగిలేది ముసలివాళ్లూ అతనూ. సముద్రం మోత ఇంట్లోకి వినబడుతూనే ఉంటుంది గానీ లేచి వెళ్లి చూసే వీలుండదు. వేట విరామంలో కాలు విరిగినవాడికి ఊరంతా తోడుంటుంది, ఎందుకంటే అందరూ ఒడ్డునే ఉంటారు. వేట కాలంలో విరిగినవాడికి గోడలే తోడు.

సముద్రానికి విశ్రాంతి కావాలని ఒప్పుకున్నాం. ఆ విశ్రాంతికి డబ్బు ఇవ్వాలనీ ఒప్పుకున్నాం. విరిగిన ఒంటికి అదే విశ్రాంతి, అదే ఆసరా ఎందుకు అందడం లేదన్నదే ఈ కథనం అడిగే ప్రశ్న.

"రాడ్ ఏసినారు కదా!"

చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ అనే మాట ఇది. "రాడ్ ఏసినారు కదబ్బయా, ఇంకేం భయం లేదులే. నెలకల్లా లేచి తిరగతావు." ప్రేమతో అనే మాటే. కానీ నెల గడుస్తుంది, లేవలేడు. రెండో నెలా గడుస్తుంది. అందరూ నెల అన్నారు కదా, మరి నాకే ఎందుకు కావడం లేదు, నా ఒంట్లోనే ఏదో లోపం ఉందేమో అన్న బెంగ అక్కడ పుడుతుంది.

ఎముక మధ్య బోలులోకి లోహపు కడ్డీ దించి నిలబెట్టే పద్ధతిని 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కూన్‌చర్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. అంతకుముందు తొడ ఎముక విరిగితే కాలికి బరువులు వేలాడదీసి వారాల తరబడి మంచానికే కట్టేసేవాళ్లు. ఆ బాధ తప్పించింది రాడ్. ఎముకను అతికించేది మాత్రం అది కాదు. స్లాబు పోసినప్పుడు కింద పెట్టే సెంట్రింగ్ కర్రల పనే దానిది. గట్టిపడే పని స్లాబే చేసుకోవాలి.

ఎముక ఆ పనిని తన పద్ధతిలో, తన వేగంతో చేసుకుంటుంది. విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది. మొదటి వారం వాపు, సలుపు, రాత్రుళ్లు నిద్ర లేకపోవడం ఆ పనిలో భాగమే. రెండు మూడు వారాలకు ఆ గడ్డ స్థానంలో మెత్తటి మృదులాస్థి లాంటిది పెరిగి రెండు కొసలనూ కలుపుతుంది. ఎక్స్‌రేలో అది కనబడదు. కాబట్టి మొదటి ఎక్స్‌రే చూసి "ఏం మారలేదే" అని దిగులు పడేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇది: మారింది, ఫిల్ముకు అందలేదంతే. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య దానిలోకి సున్నం చేరి గట్టిపడుతుంది. ఆ తర్వాత నెలలపాటు, కొందరిలో ఏళ్లపాటు, ఎముక తనను తాను చెక్కుకుంటూ పాత ఆకారానికి వస్తుంది. మోకాలి కింది పెద్ద ఎముక నడిమికి విరిగితే మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఇంకా ఆలస్యం, ఎందుకంటే నికోటిన్ సన్న రక్తనాళాలను బిగబట్టేస్తుంది, విరిగిన చోటికి అందాల్సిన రక్తం అందదు. అదుపులో లేని షుగరు కూడా అంతే.

మనకు ఈ కాలం లెక్క తప్పడానికి సినిమా కూడా కొంత కారణమని నాకనిపిస్తుంది. నెల్లూరు జిల్లా మనకిచ్చిన దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 1985లో 'మయూరి' తీశారు. నర్తకి సుధాచంద్రన్ జీవితం అది, నటించిందీ ఆమే. 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదంలో ఆమె కాలికి దెబ్బ తగిలింది. కట్టు కింద గాయాన్ని సరిగా పట్టించుకోక కుళ్లిపోవడంతో కాలు తీసేయాల్సి వచ్చింది. జైపూర్ కాలు పెట్టుకుని ఆమె మళ్లీ వేదిక ఎక్కింది 1984లో. సినిమాలో ఆ నొప్పీ ఉంది, పట్టుదలా ఉంది. అంత నిజాయితీగా తీసిన సినిమా కూడా దాదాపు మూడేళ్లను కాసేపట్లో దాటించక తప్పదు. హాల్లోంచి బయటికొచ్చిన మనకు గుర్తుండేది చివరి నాట్యం. నడుమ ఉన్న వందల ఉదయాలు, కాలు తొడుక్కుని నిలబడబోతే చర్మం చిట్లిన రోజులు తెరమీద అన్నీ ఇమడవు. ఇంట్లో పడుకున్న మనిషికి మిగిలేది సరిగ్గా ఆ ఉదయాలే.

పి.వి. సింధు సంగతి చూడండి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన ఎడమ కాలిలోనే ఎముక సన్నగా చిట్లి ఉంది. ఆ నెలాఖరున జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమైంది. మళ్లీ కోర్టులోకి దిగింది 2023 జనవరిలో, మలేసియా ఓపెన్‌లో, అదీ మొదటి రౌండులోనే ఓడిపోయింది. మళ్లీ ఒక టైటిల్ చేతికొచ్చింది 2024 డిసెంబరులో, లక్నో సయ్యద్ మోదీ టోర్నీలో. ఫిజియో, శిక్షకుడు, ఆహారం చూసేవాళ్లు, అన్నీ ఉన్న రెండు ఒలింపిక్ పతకాల విజేతకే అంత కాలం పట్టింది. ఒంటరిగా నులకమంచం మీద పడుకున్న మనిషిని "ఇంకా లేవలేదా?" అని అడిగే ముందు ఇది గుర్తుకు రావాలి.

పలకరింపులు ఆగిపోయాక

మొదటి వారం ఇల్లు ఖాళీగా ఉండదు. బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు, బ్రెడ్ ప్యాకెట్లు కిటికీలో పేరుకుంటాయి. ఎట్లా జరిగిందో అతను అందరికీ మొదటినుంచీ చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ కొంత భారం దిగుతుంది. మూడో వారానికి దగ్గరివాళ్లు మాత్రమే వస్తారు. రెండో నెలలో గడప తొక్కేవాళ్లుండరు. ఊళ్లో ఎవరికీ ప్రేమ తగ్గలేదు, 'కోలుకుంటున్నాడులే' అన్న ధైర్యం వచ్చేసింది. ఎముకకు అసలు గట్టి పని పడేది సరిగ్గా అప్పుడే. మనిషికి తోడు బాగా అవసరమయ్యేదీ అప్పుడే. మన ఆచారంలో 'చూసి రావడం' ఉంది, అది గొప్ప ఆచారం. అయితే మొదటి వారంలో అందరం ఒకేసారి తీర్చేసుకునే బాకీగా అది మారింది. నా మాట వింటే రెండో నెలలో వెళ్లండి.

వెళ్లినప్పుడు కాలు గురించి మాత్రం అడక్కండి. "ఎట్టుండాది కాలు?" "అట్నే ఉండాది." ఆ తర్వాత ఇద్దరికీ మాట ఉండదు. కానాగంతలు ఎక్కడ పడుతున్నాయో చెప్పండి. వంజరం కిలో ఎంత పలికిందో, పడవ ఇంజన్ ఏ చప్పుడు చేస్తోందో చెప్పి, ఏం చేద్దామని అతన్ని అడగండి. ఇరవై ఏళ్ల అనుభవం అతని తలలో ఉంది, అది విరగలేదు. ఒక పడవ వాళ్లు వలను తెచ్చి మంచం పక్కన పరిచి, చెక్కసూదీ నూలూ చేతికిచ్చి "ఈ చిరుగు నువ్వు చూడు మామా" అంటే అతనికి పని దొరుకుతుంది, వాటాలో కొంత హక్కూ దొరుకుతుంది. వల బాగుచేసే పనికి కాలు అక్కర్లేదు. ఆసుపత్రి పుస్తకాల్లో దీనికి పెద్ద పేర్లున్నాయి. రేవులో అది రోజూ చేసే పనే.

ఒంటరితనం ముదిరితే గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే మగవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు. కూరలో ఉప్పు తక్కువైందని కంచం నెట్టేస్తారు. పగలంతా నిద్రపోయి రాత్రంతా ఫోను చూస్తారు. నొప్పికని మొదలుపెట్టిన మందు క్వార్టరు సాయంత్రానికి ముందే తెరుచుకుంటుంది. మందుల షాపులో చీటీ లేకుండా కొన్న నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఇది ఇంట్లోవాళ్లు గట్టిగా ఆపాల్సిన సంగతి. బతికి ఎవరికి ఉపయోగం అన్న మాట ఒక్కసారి వినబడినా తేలిగ్గా తీసుకోవద్దు. 2022లో మొదలైన టెలి మానస్ సేవ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. సముద్రం ఒడ్డునున్న ఏ పల్లె నుంచయినా ఫోను కలుస్తుంది, మంచం దిగక్కర్లేదు.

ఇసుకలో చంక కర్ర

పట్నంలో గచ్చు మీద నడిపించి, చంక కర్రలు చేతికిచ్చి పంపుతారు. ఇంటికొచ్చి గడప దాటగానే కర్ర కొస ఇసుకలో జానెడు దిగబడుతుంది. రెండో కర్ర ముందుకు వేయాలంటే మొదటిది పీకాలి, పీకేటప్పుడు బరువంతా విరిగిన కాలి మీదికి వస్తుంది. రెండుసార్లు పడబోయి అతను ఇక బయటికి రావడమే మానేస్తాడు. ఇంట్లో బందీ కావడానికి సగం కారణం ఇసుక. కర్ర కింద అరచేతి వెడల్పు గుండ్రటి చెక్క బిళ్ల బిగించి, కిందకు సైకిల్ టైరు ముక్క కొడితే దిగబడదు. ఇంటి నుంచి మరుగుదొడ్డి దాకా, ఇంకో వైపు చెట్టు నీడ దాకా పాత పడవ చెక్కలు పరిస్తే మనిషి కదులుతాడు. వడ్రంగికి అరపూట పని. దీన్ని ఏ డిశ్చార్జి చీటీలోనూ రాయరు.

మరుగుదొడ్డి సంగతి ఇంకా కష్టం. గొంతు కూర్చోలేడు. చాలా ఇళ్లలో ప్లాస్టిక్ కుర్చీ నడుమ రంధ్రం కోసి పెడతారు, మంచి ఉపాయమే. కానీ ఆ కుర్చీ కాళ్లు తడి నేల మీద జారతాయి. కాళ్ల కింద గోనెసంచి మడత వేసి, పక్క గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించాలి. పెళ్లాం సాయం లేకుండా, సిగ్గు పోకుండా తన పని తాను చేసుకోగలిగిన రోజు అతని మొహంలో వచ్చే మార్పు ఏ మాత్రా తేలేదు.

మంచం ఎక్కడ వేయాలన్నది కూడా చిన్న విషయం కాదు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగులను పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనబడే మంచం దొరికినవాళ్లు, ఇటుక గోడ మాత్రమే కనబడే మంచం దొరికినవాళ్లకంటే తొందరగా ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువ వాడారు. 23 జతల రోగులే, చిన్న పరిశీలనే, అయినా ప్రపంచమంతటా ఆసుపత్రుల కిటికీల గురించి ఆలోచింపజేసింది. మనవైపు రోగిని లోపలి గదిలో, ఫ్యాను కింద, తలుపు చేరవేసి పడుకోబెట్టడం అలవాటు. దుమ్ము పడుతుందనీ, దిష్టి తగులుతుందనీ. గాయం మానాక అతన్ని వరండాలోకి తెచ్చుకోవచ్చు. వరండా లేని ఇరుకు కాలనీ ఇంట్లో అయితే వాకిట్లో కొబ్బరాకుల పందిరి వేసి మంచం అక్కడ వేయొచ్చు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ కనబడతారు, నలుగురూ ఆగి ఒక మాట అంటారు.

పందిట్లో పడుకున్నా ఒంటికి పని ఉండాలి. నెలల తరబడి కదలని తొడ కళ్లముందే సన్నబడిపోతుంది. కట్టు విప్పిన రోజు రెండు తొడలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే గుండె గుభేలుమంటుంది. డాక్టరు వద్దనకపోతే, మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి, తొడ కండను బిగించి మోకాలితో తువ్వాలును కిందికి నొక్కాలి. కొద్ది క్షణాలు పట్టి వదలాలి. కాలివేళ్లను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉండాలి, పిక్కలో రక్తం నిలవకుండా. పిక్క ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. దానికి తోడు ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయడమే, ఇంకో ఆలోచన వద్దు. సిమెంటు కట్టు కింద వేళ్లు నీలంగా మారినా, మొద్దుబారినా, కట్టులోంచి వాసన వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. దురద పెడుతోందని చీపురుపుల్ల దూర్చి గోక్కుంటారు, ఆ గీరు పుండవుతుంది. సుధాచంద్రన్ కాలు పోయింది కట్టు కింది గాయం వల్లేనని పైన చెప్పుకున్నాం.

పథ్యం పేరుతో పెట్టే ఉపవాసాలు కూడా ఎముకకు శత్రువులే. చీము పడుతుందని పప్పు మాన్పిస్తారు, గుడ్డు మాన్పిస్తారు, చేప మాన్పిస్తారు. కొత్త ఎముక కట్టుకునేది మాంసకృత్తులతో, సున్నంతో. ముళ్లతో సహా నమిలి తినే నెత్తళ్లలో రెండూ ఉన్నాయి, రేవులో చవగ్గా దొరుకుతాయి కూడా. మామిడికాయ వేసిన చేపల పులుసు పెడితే అతని నాలుకా ప్రాణానికొస్తుంది.

పుత్తూరు దారి

నెల్లూరు తీరం నుంచి చాలామంది పుత్తూరు కట్టుకు పోతారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డ కట్టు. ఒక కుటుంబం తరతరాలుగా చేస్తున్న వైద్యం అది. తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు. చర్మం చిట్లకుండా, ఎముక పక్కకు తొలగకుండా విరిగిన చోట కదలకుండా బిగించి పట్టడమే ముఖ్యమైన పని, వెదురు దబ్బలు ఆ పని చేయగలవు. చర్మం చీలి ఎముక కనబడుతున్నా, కీలు దగ్గర విరిగినా, వేళ్లకు స్పర్శ పోయినా, అది పూర్తిగా వేరే సంగతి. అప్పుడు ఆపరేషన్ థియేటరున్న ఆసుపత్రికే పోవాలి, ఆ ఆలస్యం కాలునే బలి తీసుకుంటుంది.

అయినా జనం అక్కడికి ఎందుకు పోతారో డాక్టర్లు ఒకసారి ఆలోచించాలి. ఖర్చు తక్కువ, నిజమే. దానితోపాటు అక్కడ చేయి విరిగినవాళ్లూ కాలు విరిగినవాళ్లూ ఒకే చోట కూర్చుంటారు. మళ్లీ కట్టు మార్పించుకోవడానికి వచ్చినవాడు కొత్తగా వచ్చినవాడికి తన కాలు చూపిస్తాడు. "నాదీ ఇట్నే ఉన్నిందన్నా, ఇప్పుడు చూడు" అనే మాట అక్కడ వినబడుతుంది. ఇంట్లో ఒంటరిగా ఉన్నవాడికి ఆ మాట దొరికే చోటు మన ఆరోగ్య వ్యవస్థలో ఎక్కడుంది? నెలకోసారి మండల కేంద్రంలో ఒక ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టి, చుట్టుపక్కల ఎముక విరిగిన వాళ్లందరినీ ఒకే రోజు పిలిస్తే వైద్యమూ అందుతుంది, తోడూ దొరుకుతుంది. పులికాట్ సరస్సులో ఇరకం దీవి ఉంది. అక్కడినుంచి ఆసుపత్రికి పోవాలంటే ముందు పడవెక్కాలి. కట్టుకట్టిన కాలితో పడవ ఎక్కి దిగడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అలాంటి ఊళ్లకు ఫిజియోథెరపిస్టే పడవెక్కి రావాలి.

ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. మగవాడు పడుకుంటే ఇల్లు మంచం చుట్టూ తిరుగుతుంది. చేపల గంప మోసే మనిషి జారిపడి మణికట్టు విరిగితే, కట్టుకట్టిన చేత్తోనే కట్టెలు ఎగదోస్తుంది, రెండో చేత్తో బియ్యం కడుగుతుంది. ఆమె ఇంట్లోనే ఉంది కాబట్టి విశ్రాంతిగా ఉన్నట్టే అనుకుంటారు. వంకరగా అతికిన మణికట్టుతో బిందె ఎత్తలేక జీవితాంతం బాధపడేవాళ్లు తీరంలో ఏ వీధిలోనైనా కనబడతారు. మొగుడి కాలు విరిగినప్పుడు కూడా, గంప మోసి సంపాదించి తెచ్చి, మలమూత్రాలెత్తి, అతని కోపం భరించేది ఆమే. అందుకే పలకరించడానికి వెళ్లినవాళ్లు ఆమెను కూడా పలకరించాలి. ఒక పూట వండిన కూర తీసుకెళితే ఆమెకు ఆ పూట విశ్రాంతి.

ఏ గడిలోనూ పట్టని మనిషి

ఇక డబ్బు. మత్స్యకారులకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద సామూహిక ప్రమాద బీమా ఉంది. చనిపోతే, లేదా శాశ్వతంగా పూర్తిగా పనికిరాకుండా పోతే 5 లక్షలు. శాశ్వతంగా పాక్షికంగా దెబ్బతింటే 2.5 లక్షలు. ఆసుపత్రి ఖర్చుకు 25,000 వరకు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడికి పెద్ద ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది, అది చిన్న మేలు కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని చోట గాయపడ్డ కూలీకి, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు, కూలిలో సగానికి తగ్గకుండా భత్యం ఇమ్మంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కాలు విరిగి ఇంట్లో పడుకున్నవాడు ఏ గడిలోనూ పట్టడు. అతను చనిపోలేదు. వికలాంగుడూ కాలేదు, అయిదారు నెలలకు నడుస్తాడు. ఆసుపత్రిలోనూ లేడు. అతని నష్టం తాత్కాలికం. అయితే అప్పుకు వడ్డీ మాత్రం ఆ తాత్కాలికంలోనే పెరుగుతుంది, పడవలో అతని చోటికి ఇంకొకరు వచ్చేదీ ఆ తాత్కాలికంలోనే.

తాత్కాలిక నష్టాన్ని లెక్కగట్టడం మన దేశానికి తెలియని విద్య కాదు. 1948 నాటి ఈఎస్ఐ చట్టం కింద, పనిలో దెబ్బ తగిలిన ఫ్యాక్టరీ కార్మికుడికి కోలుకునేదాకా వేతనంలో దాదాపు 90 శాతం చెల్లించే ఏర్పాటు నడిచింది. కృష్ణపట్నం చుట్టూ ఉన్న కర్మాగారంలో ఈఎస్ఐ ఉన్న మనిషికి దొరికే ఆ ఊరట, అదే గాలి పీల్చే పడవ మనిషికి లేదు. అతనికి జీతం లేదు, వాటా ఉంది. వాటాకు చీటీ ఉండదు.

ఒకసారి ఈ గడిని పూరించే ప్రయత్నం జరిగింది. 2019 డిసెంబరులో రాష్ట్రంలో ఆరోగ్య ఆసరా మొదలైంది. ఆపరేషన్ తర్వాత ఇంట్లో కోలుకుంటున్న రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. మొత్తం చిన్నదే, కానీ వెనకున్న ఆలోచన చాలా పెద్దది. డిశ్చార్జితో వైద్యం ముగియదని సర్కారు ఒప్పుకున్న మాట అది. నెలకు 5,000 చొప్పున నాలుగు నెలలకు ఎంత? 20,000. వేట విరామానికి ఇప్పుడు ఇస్తున్న భృతి సరిగ్గా అంతే. అంటే ఇది ఊహకందని ఖర్చేమీ కాదు. సముద్రం కోలుకోవడానికి కుటుంబానికి ఎంత ఇస్తున్నామో, ఆ కుటుంబంలో ఒక మనిషి కోలుకోవడానికీ అంతే.

పడుకోవడం కూడా పనేనని వేరేచోట లోకం ఎప్పుడో ఒప్పుకుంది. శ్రీహరికోట మన తీరంలోనే ఉంది, రాకెట్టు లేస్తే ఈ పల్లెల్లో ఇళ్ల ముందు నిలబడి చూస్తారు. అంతరిక్షంలో బరువు లేని మనిషికి కండరాలూ ఎముకలూ క్షీణిస్తాయి. అది అర్థం చేసుకోవడానికి భూమ్మీద మనుషులను మంచాలకు పరిమితం చేసి పరిశోధిస్తారు. 2019లో జర్మనీలోని కొలోన్ నగరంలో జర్మన్ అంతరిక్ష సంస్థ, నాసా కలిసి ఆరోగ్యవంతులను 60 రోజులు మంచం మీదే ఉంచాయి. తలవైపు 6 డిగ్రీలు కిందికి వంచిన మంచాలు. తినడం, స్నానం, అన్నీ పడుకునే. చుట్టూ డాక్టర్లు, ఆహార నిపుణులు. 60 రోజులూ అయ్యాక మళ్లీ నడవడానికి శిక్షణ. ఒక్కొక్కరికీ ఇచ్చింది సుమారు 16,500 యూరోలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, గడువు ముందే తెలిసినవాళ్లు, తోటివాళ్లతో కలిసి ఉన్నవాళ్లు రెండు నెలలు పడుకుంటేనే అన్ని ఏర్పాట్లు అవసరమయ్యాయి. విరిగిన కాలితో, ఎప్పటికి లేస్తాడో తెలియకుండా, ఒక్కడే పడుకున్నవాడికి ఎన్ని కావాలి?

సర్కారు కదిలేదాకా ఊరు ఆగక్కర్లేదు. పులికాట్‌లో పాడు పద్ధతి ఉంది. చేపలు బాగా పడే తావుల కోసం కొట్లాడుకోకుండా చీటీలు వేసి, వంతుల వారీగా వలలు వేసుకుంటారు. బలవంతుడికీ బలహీనుడికీ ఒకే వంతు. అంత న్యాయమైన లెక్క నడపగలిగిన సమాజానికి, మంచానపడ్డవాడి ఇంటికి వారానికి ఎవరు వెళ్లాలో, అతని బదులు పడవెక్కినవాడు వాటాలో ఎంత ఇవ్వాలో పెద్దలు కూర్చుని తేల్చడం కష్టం కాదు. దురాయి వేసి ఊరినే కట్టడి చేయగలిగిన పెద్దమనుషుల మాటకు ఆ బలం ఉంది.

ముఖ్యంగా ఒక్క విషయం వాళ్లే చెప్పాలి, అతను ఎవరి మాటా వినడు గనుక. ఎముక అతికిందని ఎక్స్‌రే చెప్పిన రోజే సముద్రంలోకి పోతానంటాడు. గచ్చు మీద నిలబడ్డం వేరు, అల మీద ఊగే పడవలో వల లాగుతూ నిలబడ్డం వేరు. సన్నబడ్డ తొడకు బలం రావాలి, ఒంటికాలి మీద తూలకుండా నిలబడగలగాలి, అది ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి. ముందు ఒడ్డున వలల దగ్గర, తర్వాత నిలకడ నీళ్లున్న ఏట్లో, ఆపైనే సముద్రం. అప్పటిదాకా పడవలో అతని చోటు అతనిదేనని పడవ యజమాని ఇంటికి వచ్చి, అతని ముందూ భార్య ముందూ చెప్పాలి.